పొగాకు చేతులు

లింగంపేటల మా పక్కింటి అవ్వ దినమంతా బీడీలు చుట్టేది. ఎవరి పసిబిడ్డనైనా ఎత్తుకునే ముందు బూడిదతో చేతులు రుద్ది కడిగి, వాసన చూసుకునేది.

ఒకనాడు ఆమె పెంచుకున్న కుందేలు పిల్లలు పెట్టి, పాలియ్యకుండ దూరం జరిగింది. అవ్వ బీడీల చాట పక్కకు పెట్టి ఉరికింది. దాన్ని ఒళ్లె వెల్లకిల పండబెట్టుకొని, కండ్లు తెరవని కూనలను చన్లకు పట్టించింది.

"తాగుండ్రి బిడ్డా, జర తాగుండ్రి."

మూడోనాటికి అన్నీ చచ్చిపోయినయి.

"తొందరల చేతులు కడుక్కోలే. పొగాకు వాసనకే తల్లి ఒల్లలే," అన్నది. ఆమె ముట్టకముందే అది ఒల్లలేదని నేనెంత చెప్పినా వినలే.

కామారెడ్డి దవాఖాన నుంచి నా బిడ్డను తెచ్చిననాడు అవ్వ వచ్చింది. రెండుసార్లు చేతులు కడిగి, వాసన చూసుకున్నది. బిడ్డను అందిస్తే చేతులు కొంగుల దాచుకున్నది.

"నీ ఒళ్లెనే ఉండనీ బిడ్డా. నేను ఈడికెల్లి చూస్త."