శని బొమ్మ చద్దరు

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న టీ-షర్టు మూడో ఉతుకుకే వెలిసిపోయింది. నలభై దాటినవాడు గ్రహాల బొమ్మలున్న టీ-షర్టు వేసుకోవడమే తప్పని మా ఇంట్లో అభిప్రాయం, కాబట్టి ఫిర్యాదు నాలో నేనే చేసుకున్నాను. ముందుగా ఊడినవి శనిగ్రహం వలయాలు. మా చిన్నాయన ఉంటే రెండు వేళ్ల మధ్య బట్ట నలిపి చూసి, "ఇది బొమ్మ గాదు, మరక. బొమ్మంటె నేతల ఉండాలె" అనేవాడు.

చిన్నాయన మా ఊళ్లో కుంఠా నాకా కూడలి దగ్గర ఒక కార్ఖానాలో చద్దర్ల మగ్గాలకు అట్టలు కొట్టేవాడు. గళ్ల కాగితం మీద గీసిన పువ్వును గడి గడిగా చదువుతూ అట్టలకు రంధ్రాలు పొడవాలి. ఆ అట్టల్ని దండలా కుట్టి మగ్గం నెత్తిన వేలాడదీస్తే, రంధ్రం ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. రాకెట్లను నడిపే కంప్యూటర్‌కు తాత ఇదేనని కాలేజీ నుంచి వచ్చి నేనే చెప్పాను. అప్పటినుంచి ఆయన తనను అంతరిక్ష శాఖ ఉద్యోగిగానే భావించుకున్నాడు. జీతం మాత్రం శేఠ్ ఇచ్చేవాడు. రాకెట్ ఎగిరే రోజు ఫోన్‌ను అట్టల పెట్టెకు ఆనించి పెట్టేవాడు. మగ్గాల మోతలో మాట వినపడదు, అక్కడ అందరూ పెదాలు చూసి మాట్లాడుకుంటారు. అందుకని పది నుంచి సున్నా దాకా వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టేవాడు. ఆ వరస మగ్గాలవాళ్లంతా ఆయనతోపాటు వేళ్లు ముడిచేవారు. రాకెట్ లేచాక ఎవరో ఒకరు పెదాలు కదిపేవారు: "ఏం సైంటిస్టూ, నీకు సీటు దొర్కలేదా?"

ఆయన ఆశ ఒకటే. వలయాలతో సహా శనిగ్రహం ఉన్న చద్దరు నేయించాలి. శేఠ్ నవ్వలేదు, బజారు సంగతే చెప్పాడు: "శనిని కప్పుకొని ఎవడు పండుకుంటడు రా? నెమలి వెయ్, గులాబీ వెయ్." చివరికి, పాత మగ్గం నెలరోజుల్లో తుక్కుకు పోతుందనగా, దానిమీద మిగిలిన పడుగుతో నేసుకొమ్మన్నాడు. బొమ్మ నేను గీశాను. వలయాల మధ్య ఖాళీ ఒక గడి వెడల్పా, రెండా అని ఒక ఆదివారమంతా వాదించుకుని రెండుకు ఖాయం చేశాం.

అప్పుడే చిన్నాయనకు దగ్గు ముదిరింది. డాక్టరు రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది, ఇంట్లో అది చదివేది నేనే. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని, ఇక కార్ఖానాలో అడుగు పెట్టకూడదని ఉంది. సగం అట్టలు ఇంకా కొట్టాల్సి ఉంది.

"ఏం రాసిండు రా?" అన్నాడు చిన్నాయన.

దుమ్ము తక్కువున్నచోట కూర్చొని పని చేసుకొమ్మన్నారని చెప్పాను. ముక్కుకు రుమాలు కట్టుకోమని నా తరఫున ఒక సలహా కూడా చేర్చాను. ఒళ్లో చేట పెట్టుకొని బీడీలు చుడుతున్న చిన్నమ్మ మా ఇద్దరి మొహాలూ చూసింది.

చద్దరు తయారైంది. వలయాల మధ్య గీత కూడా స్పష్టంగా వచ్చింది. చిన్నాయన దాన్ని కప్పుకొని ఎనిమిది నెలలు కూర్చునే నిద్రపోయాడు. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టిన రోజు, "ఇగ రాకెట్ల పోనీకి సూటొక్కటే తక్కువ" అన్నాడు. నవ్వడం తేలికేమీ కాలేదు, కానీ నవ్వాను. చద్దరుతోనే సాగనంపాం.

మొన్న జోడ్‌భావి పేట్‌లో చిన్నమ్మ ఇంటికి వెళ్లాను. పింఛను కాగితాల కోసం పాత ఫైలు తీసిందట, నర్సింగ్ చదువుకున్న పక్కింటి పిల్ల అందులో ఉన్న డాక్టరు రిపోర్టంతా చదివి చెప్పిందట. ఆకు కత్తిరించడం ఆపకుండానే ఈ సంగతి చెప్పింది. కాలం గడిచేకొద్దీ చేసిన పనులు చిన్నవవుతాయని అనుకునేవాణ్ని. ఇది అవలేదు, ఆ రోజున్నంతే ఉంది. ఛాయ్ తాగుతున్నట్టు కాసేపు ఖాళీ గ్లాసు పట్టుకొని కూర్చున్నాను.

"మీ చిన్నాయన నీ మాటొక్కటే ఇంటుండె," అంది చిన్నమ్మ. "నువ్వు మానెయ్యమంటె మానేసెటోడు."