మేపుల్ పాకం వడకట్టడానికి మిల్వాకీ దాకా

మార్చి నెలాఖరు శనివారం, ఉదయం ఆరింటికి నేపర్‌విల్ స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డాను. భుజానికి బ్యాగు, చేతిలో పిక్నిక్‌లకి వాడే చిన్న కూలర్, అందులో తువ్వాలులో చుట్టిన గాజు జాడీ. జాడీలో నేను కాచిన మేపుల్ పాకం. కలిపిన చింతపండు రసంలా మబ్బుగా ఉంది. అడుగున వేలెడు మందాన మడ్డి. దీన్ని ఎలా వడకట్టాలో నేర్చుకోవడానికే నా ప్రయాణం.

"స్టోర్‌లో సీసా కొంటే అయిపోయేదానికి ట్రైనూ, బస్సూ, మోటెలూనా?" అని మా ఆయన రవి కారు దిగుతుంటే నాలుగోసారి అన్నాడు. మంచు పడేలా ఉంటే నేను డ్రైవ్ చేయనని అతనికి తెలుసు. నేను మొండిదాన్నని కూడా తెలుసు. థర్మాస్‌లో కాఫీ, ఫాయిల్‌లో చుట్టిన నాలుగు ఇడ్లీలు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

పాకం నాది కానీ చెట్టు నాది కాదు. పక్కింటి మార్జీది. ముప్పై ఏళ్ళు స్కూల్ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆమె పెరట్లో పెద్ద మేపుల్ చెట్టు ఉంది. రెండేళ్ళ కిందట అడిగి దానికి రంధ్రం చేసి బకెట్ తగిలించాను. చెట్టు నుంచి వచ్చేది నీళ్ళలాంటి రసమే. నలభై పాళ్ళు మరిగిస్తే ఒక పాలు పాకం మిగులుతుంది. మరిగే కొద్దీ రసంలోని ఖనిజాలు సన్నటి ఇసుకలా విడిపోతాయి. అంతా మరుగులో పుట్టేదే, బయటి మురికి కాదు.

మొదటి ఏడాది ఫిల్టర్ కాఫీ డికాక్షన్ గిన్నెలో పోశాను. రెండు చెంచాలు దిగి మొరాయించింది. పాత మల్లు పంచె ముక్కలో పోసి పిండాను. దిగింది, ఇసుకతో సహా. మార్జీ పాన్‌కేక్ మీద పోసుకుని తిని, "చాలా బాగుంది" అంటూనే న్యాప్‌కిన్‌తో పళ్ళు తుడుచుకుంది. నేను చూడలేదనుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

రెండో ఏడాది తెలివి ఉపయోగించాను. అనకాపల్లి వైపు మా పెదనాన్న బెల్లం వండేటప్పుడు బెండ మొక్కల జిగురు పోసేవారు. మడ్డంతా తెట్టుగా పైకి తేలేది. నేనూ ఫ్రోజెన్ బెండకాయలు నానబెట్టి జిగురు తీసి పోశాను. తెట్టు తేలింది, ఇసుక మాత్రం అడుగునే కూర్చుంది. పాకం బెండకాయ పులుసు వాసన కొట్టింది. మార్జీ పాపం మళ్ళీ బాగుందనే అంది, మళ్ళీ న్యాప్‌కిన్ తీసింది.

ఈ ఏడాది చెట్టు మొదలు లోపల గుల్లయిందని తేలింది. ఇంటి మీదికి ఒరుగుతోంది, ఏప్రిల్‌లో కొట్టేస్తున్నారు. అంటే ఈ జాడీ ఆఖరిది. పాడు చేసుకుంటే మళ్ళీ కాచడానికి చెట్టు లేదు. వీడియోలు చూస్తే ఒకరు కాగితం అంటారు, ఒకరు కంబళి బట్ట అంటారు, ఒకరు పంపు మెషీన్ కొనమంటారు. ముగ్గురినీ నమ్మలేక, వాడిన ఫిల్టర్లు అమ్ముతానని ప్రకటన ఇచ్చిన, మిల్వాకీ అవతల ఉండే గ్యారీ అనే ఆయనకి ఫోన్ చేశాను. "జాడీ పట్టుకుని రా. మొదటి రోజు చూడు, రెండో రోజు చెయ్యి" అన్నాడు.

ఏడున్నరకి షికాగో చేరాను. మిల్వాకీ రైలు కూడా అదే స్టేషన్ నుంచి. ఎనిమిదిన్నర దాకా టైముంది, ఇడ్లీలు అక్కడే తిన్నాను. వెళ్ళేవాళ్ళు టికెట్ ముందే బుక్ చేసుకుంటే మంచిది, వారాంతంలో సీట్లు నిండిపోతాయి.

పక్క సీట్లో సహన అనే అమ్మాయి. అమెరికాలోనే, కాపెల్ అనే ఊళ్ళో పుట్టి పెరిగింది, మిల్వాకీలో నర్సింగ్ చదువుతోంది. కూలర్ మూత తీసి జాడీ ఒరిగిందేమోనని చూస్తుంటే తొంగి చూసింది.

"ఆంటీ, అది నెయ్యి?"

"నెయ్యి కాదమ్మా, మేపుల్ సిరప్. వడకట్టడం నేర్చుకోడానికి వెళ్తున్నా."

"సీరియస్? ఫిల్టర్ చేస్తే టేస్ట్ చేంజ్ అవుతుందా?"

"పెద్దగా మారదు."

"మరి వై, ఆంటీ? అలానే తినొచ్చు కదా?"

పళ్ళ మధ్య ఇసుక తగులుతుందన్నాను. "ఓకే, గ్రాస్" అని నవ్వి ఒప్పుకుంది. కానీ మూడేళ్ళ పంతం ఇసుక కోసమేనా అని నన్ను నేనే అడుగుతూ కూర్చున్నాను. కిటికీలోంచి మంచు కరిగిన నల్లటి పొలాలు పోతున్నాయి. పది దాటాక మిల్వాకీలో దిగాం. "క్లియర్ అయితే ఫొటో పంపండి ఆంటీ" అని తన నంబర్ ఇచ్చింది.

స్టేషన్ బయటే బస్సు. ఉత్తరంగా గంట ప్రయాణం. డ్రైవర్ కూలర్ వైపు చూసి, "చేపలా?" అన్నాడు. కాదు, మేపుల్ అన్నాను. "ఈ సీజన్‌లో ఈ రెండే ఎక్కుతాయి" అన్నాడు.

గ్యారీ పాల డెయిరీ మెషీన్లు రిపేర్ చేసేవాడట. ఇప్పుడు ఇంటి వెనక రేకుల షెడ్డులో పాకం కాస్తున్నాడు. తలుపు తీయగానే తీపి ఆవిరి మొహానికి కొట్టింది. ఒక్క క్షణం మా పెదనాన్న పొయ్యి దగ్గర ఉన్నట్టే అనిపించింది.

ముందు సామాన్లన్నీ బల్ల మీద పరిచాడు. కాగితం ఫిల్టర్ చూపించి, "ఇది టీకి" అని పక్కన పడేశాడు. పలకల మధ్య కాగితాలు, తెల్లటి మట్టి పొడి పెట్టి పంపుతో తోసే మెషీన్ ఉంది. "ఇది నాలా పీపాలు నింపేవాడికి. నీ జాడీ దీని గొట్టాల్లోనే ఇంకిపోతుంది" అన్నాడు. చివరికి గరాటు ఆకారంలో కుట్టిన మందపాటి ఫెల్ట్ సంచి తీశాడు. కంబళిలా ఉంది. దాని లోపల ఒకదానిలో ఒకటి దూర్చిన మూడు పలుచటి సంచులు. పైది మడ్డితో మూసుకుపోతే దాన్ని ఎత్తేయాలి, కిందిది పని చేస్తుంది. నాకు కావలసింది ఇదే. ముప్పై డాలర్ల లోపే అయింది.

ముందు ఆయన పాకం మీదే నాతో చేయించాడు. సంచిని మరిగే నీళ్ళలో ముంచి, నీరు ఓడ్చి వేలాడదీయాలి. సబ్బు ఎప్పుడూ తగలకూడదు. పాకం పొగలు కక్కుతుండగానే పోయాలి, చల్లారితే కదలదు. పోశాను. అంచు నుంచి రాగి రంగు ధార దిగింది. కింద గిన్నె అడుగు స్పష్టంగా కనిపిస్తోంది. ఆనందం పట్టలేకపోయాను.

తర్వాత ధార చుక్కలైంది. చుక్కలు ఆగాయి. సంచిలో ఇంకా గ్లాసెడు పాకం పట్టుకుని ఉంది. చేతులకి రబ్బరు గ్లవ్స్ ఉన్నాయి. ఆ చేతులు ఎప్పుడు వెళ్ళాయో నాకే తెలియదు, సంచి మెడ పట్టుకుని గట్టిగా పిండేశాయి. బుస్సుమని తెల్లటి మబ్బు దిగి ఆయన పాకమంతా నా జాడీలా తయారైంది.

సిగ్గుతో చచ్చిపోయాను. చింతపండు, కొబ్బరిపాలు, తడి బట్ట, ఏది కనబడినా పిండే చేతులివి. గ్లాసెడు పాకం బట్టలో వదిలేయడమంటే మా ఇళ్ళలో పాపం కింద లెక్క. అదే చెప్పాను ఆయనకి.

గ్యారీ కోప్పడలేదు. గిన్నెలోది వెనక్కి పోసి, "పిండితే ఫెల్ట్ లోపలి పోగులు విడిపోతాయి, ఇక అది ఇసుకని ఆపదు" అన్నాడు. పాడైన సంచి పక్కన పెట్టి నాకు ఇంకోటి ఇచ్చాడు. "రేపు చేతులు జేబుల్లో పెట్టుకో."

ఊళ్ళో ఒకటే మోటెల్, హీటర్ బాగానే పని చేస్తుంది. పక్క డైనర్‌లో సూప్, బ్రెడ్ తిని తొందరగా పడుకున్నాను.

ఆదివారం ఎనిమిదింటికి నా జాడీ వంతు. పాకం మళ్ళీ మరగనివ్వొద్దన్నాడు, మరిగితే కొత్త ఇసుక పుడుతుందట. పొగలు వచ్చేదాకా వేడి చేసి పోశాను. పైసంచి మూసుకుపోయింది, ఎత్తేశాను. రెండోదీ మూసుకుపోయింది, ఎత్తేశాను. ధార చుక్కలైంది. కోటు జేబుల్లో పిడికిళ్ళు బిగించి నిలబడ్డాను. ఒక్క నొక్కు నొక్కితే రెండు సీసాలు నిండుతాయి. ఆఖరి చెట్టు, ఆఖరి పాకం. బట్టలో ఉన్నది కూడా మార్జీ చెట్టే కదా అని ప్రాణం కొట్టుకుంది. ముప్పావుగంట అలాగే నిలబడ్డాను. చేతులు తీయలేదు.

ఒక సీసా నిండుగా వచ్చింది, రెండోది సగం కంటే తక్కువ. ఫెల్ట్‌లో మిగిలింది వేడి నీళ్ళలో జాడించి, ఆ తీపి నీళ్ళతో గ్యారీ ఇద్దరికీ టీ పెట్టాడు. పారేయక్కర్లేదని నిన్ననే చెప్పొచ్చు కదా అంటే, "నిన్న నువ్వు వినే స్థితిలో లేవు" అన్నాడు.

పదకొండు బస్సు, ఒంటిగంట రైలు. రైల్లో నిండు సీసా కిటికీకి ఆనించి, వెనక నా వేళ్ళు పెట్టి ఫొటో తీసి సహనకి పంపాను. "OMG ఆంటీ, మీ రింగ్ కూడా కనిపిస్తోంది!" అని వచ్చింది.

నాలుగున్నరకి నేపర్‌విల్‌లో దిగితే, రవికి బదులు మార్జీ వచ్చింది. డ్రైవర్ సీట్లో కూర్చుని నా కూలర్ తన ఒళ్ళో పెట్టుకుంది. పార్కింగ్‌లోనే నిండు సీసా మూత తిప్పి, చిటికెన వేలు ముంచి నోట్లో పెట్టుకుంది. నేను రోడ్డు చూస్తున్నట్టు నటిస్తూ ఆమె చేతినే చూస్తున్నాను. డాష్‌బోర్డ్ మీద న్యాప్‌కిన్ల కట్ట ఉంది. మార్జీ దాని జోలికి పోలేదు. ఇంకోసారి వేలు ముంచింది, ఇంకోసారి. తర్వాత సీసాని విండ్‌షీల్డ్‌కి ఎదురుగా ఎత్తి చాలాసేపు దానిలోంచి చూసింది.

"నలభై ఏళ్ళు ఆకులు ఊడ్చి ఊడ్చి తిట్టుకున్నాను ఈ చెట్టుని" అంది. "లోపల ఇంత వెలుగుందని తెలియదు."

సగం సీసా కూడా ఆమెకే ఇచ్చేశాను.