మామ కళ్ల అంచు నల్ల గీత

పోయిన ఆదివారం మా అమ్మాయి అలమారా సర్దుతూ, వాడని మేకప్ సామానంతా ఒక కవర్లో వేసి గుమ్మం దగ్గర పెట్టింది. సగం అరిగిన లిప్‌స్టిక్‌లు, అడుగంటిన క్రీము డబ్బాలు, పగిలిన కాంపాక్ట్, గడ్డకట్టిన నెయిల్ పాలిష్ సీసాలు. అన్నిటికీ తేదీ దాటిపోయిందట. చెత్తబండి కోసం ఎదురుచూస్తున్న ఆ కవరు ముందు నుంచి అటూ ఇటూ తిరిగి, చివరికి ఉండబట్టలేక విప్పాను. మా అత్త ఉంటే ఇందులో దేన్ని దేనికి వాడేదో చూద్దామని కూర్చున్నాను. నా పరిశీలన పూర్తయ్యేసరికి చెత్తబండి వెళ్లిపోయింది. మా అమ్మాయి అనాల్సినదంతా ఒక్క చూపుతోనే అనేసింది.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. గోదావరిఖనిలో, చర్చి వెనక సందులో వాళ్లకు సొంత ఇల్లు ఉండేది. మామ బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ముందు గదిలో అత్త బ్యూటీ పార్లర్ నడిపేది. పార్లర్ అంటే గోడకొక అద్దం, తలుపుకొక పూల పరదా, ఒక తిరిగే కుర్చీ. ఆ కుర్చీ కుడివైపుకే తిరిగేది, ఎడమవైపుకు తిప్పాలంటే మనిషి లేచి కూర్చోవాల్సిందే. పెళ్లికూతుళ్లను తయారుచేశాక మిగిలిన సామాను వాళ్లు అక్కడే వదిలేసి పోయేవాళ్లు. ఇంట్లోకి వచ్చిన వస్తువు మళ్లీ గడప దాటడం అత్తకు నచ్చేది కాదు. ఒకసారి నేను ఎండిపోయిన సీసా ఒకటి పారేయబోతే చెయ్యి పట్టుకుంది. "పారేసుడెంత సేపే? రేపు మల్ల కావాలంటె యాడికెల్లి తెస్తవ్?" అంది.

లిప్‌స్టిక్ మొదళ్లను పిన్నుతో గోకి, వాజ్‌లైన్‌తో కలిపి, వేడినీళ్ల గిన్నె మీద గరిటెలో కరిగించి చిన్న డబ్బాలో పోసేది. చలికాలంలో ఆ సందులో పిల్లలందరి పెదవులూ ఒకే గులాబీ రంగులో ఉండేవి, మగపిల్లలవి కూడా. మరీ వాసనొచ్చే లిప్‌స్టిక్‌ను గుడ్డకు రాసి వెండి పట్టీలు తోమేది. పాత పౌడర్ కొంత కిర్రుమనే తలుపు బందులకు, కొంత క్యారమ్స్ ఆడే కుర్రవాళ్లకు, మిగిలింది చొక్కా మీద పడ్డ స్కూటర్ ఆయిల్ మరకకు. మస్కారా బ్రష్‌ను కడిగి ఆరబెట్టి, కుట్టుమిషన్ పళ్లలో ఇరుక్కున్న దూది తీసేది. నెయిల్ పాలిష్‌తో ఇంటి తాళంచెవులన్నిటికీ తలా ఒక రంగు వేసింది. మామ టిఫిన్ బాక్స్ నలుగురి బాక్సుల్లో కలిసిపోకుండా దాని మూత మీద ఎర్ర చుక్క పెట్టింది. బాయిలో తోటివాళ్లు అది చూసి, మీ ఇంటామె అన్నం గిన్నెకు బొట్టు పెట్టింది, పాస్టరయ్యకు చెప్తామని మామను చాలాకాలం ఏడిపించారట. ఇన్ని చేసినా అత్తకు ఒక్క పట్టుదల ఉండేది. పాతది ఏదైనా కాళ్లకు రాయొచ్చు, చేతులకు రాయొచ్చు, తలుపులకు రాయొచ్చు గానీ కంటి దగ్గరికి మాత్రం రానివ్వకూడదు. తేదీ దాటిన కాటుకలన్నీ తీసిపెట్టి, క్రిస్మస్ డ్రామాలో తూర్పు దేశపు జ్ఞానులకు వాటితో గడ్డాలు గీసేది. చర్చిలో మేకప్ బాధ్యత ప్రతి ఏడూ ఆమెదే.

కళ్ల సంగతి వచ్చింది కాబట్టి మామ కళ్ల గురించి చెప్పాలి. బాయిలో పనిచేసే వాళ్లు ఎంత సబ్బు రుద్దుకున్నా కనురెప్పల అంచుల్లో బొగ్గు పోదు. ఒళ్లంతా తెల్లబడ్డాక కూడా కళ్ల చుట్టూ సన్నటి నల్ల గీత మిగిలిపోతుంది, ఎవరో కూర్చోబెట్టి కాటుక దిద్దినట్టు. బాయిల దగ్గర ఆడవాళ్లకు అది చూసి చూసి అలవాటు. కొత్తగా వచ్చిన కోడళ్లే మొదట్లో తికమక పడతారు. పెళ్లిచూపుల నాడు మామను చూసి, ఈ పిల్లగాడు కాటుక పెట్టుకుంటాడా అని మా అత్త మా నాయనమ్మను రహస్యంగా అడిగిందట. పెళ్లయ్యాక ప్రతి శనివారం సాయంత్రం, మర్నాటి చర్చి కోసం, కోల్డ్ క్రీము దూదికి అద్ది ఆ గీతను ఓపిగ్గా తుడిచేది. పలచబడేదే గానీ పూర్తిగా పోయేది కాదు, సోమవారానికి మళ్లీ తయారు.

మామ వాళ్ల అమ్మను మేమంతా అవ్వ అనేవాళ్లం. ఆమె పెనిమిటి కూడా బాయి మనిషే. బాయిలోకి దిగిన మనిషి పైకి వచ్చేదాకా అన్నం ముట్టకపోవడం ఆమెకు కాపురానికి వచ్చిన నాటి నుంచీ నియమం. పెనిమిటి కోసం, ఆయన తర్వాత కొడుకు కోసం అలాగే ఆకలితో కూర్చుంది. మొదటి షిఫ్టు దిగి మామ సాయంత్రం ఇల్లు చేరి, పెరట్లో స్నానం చేసి వస్తే, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్లు. ముసలితనంలో అవ్వకు మతిమరుపు మొదలైంది. నా పేరు పోయింది, తర్వాత మనవల పేర్లు పోయాయి, ఒకరోజు చర్చికి దారి పోయింది. కొడుకు మాత్రం పోలేదు. గేటు చప్పుడు కాగానే పళ్లెం ముందుకు జరిపేది.

తర్వాత మామ రిటైరయ్యాడు. శాలువా కప్పి, మెడ నిండా దండలు వేసి, జీపులో తెచ్చి దించారు. అవ్వ ఆయన్ని చూసి, యూనియన్ లీడరు వచ్చాడు, కుర్చీ వెయ్యమని కేకేసింది. అందరం నవ్వాం. నెల తిరిగేసరికి నవ్వడానికేమీ మిగల్లేదు. ఇంట్లో కూర్చున్న మామకు రోజురోజుకూ కళ్ల అంచులు తెల్లబడ్డాయి. ఆ గీత పూర్తిగా పోయేసరికి ఆయన ముఖం నాకే కొత్తగా, ఏదో ఊడిపోయినట్టుగా కనిపించేది. ఇక అవ్వకు ఆయన పూర్తిగా పరాయివాడైపోయాడు. మామ వచ్చి పళ్లెం ముందు కూర్చుంటే ఆమె మర్యాదగా సర్దుకుని కూర్చునేది.

"మీరు తినుండ్రి సారూ. నా కొడుకు ఇంక డ్యూటీ దిగలే. వాడొచ్చినంక నేను తింట," అనేది.

కొడుకును నేనే అని మామ చెబితే, పరాయివాళ్ల వేళాకోళానికి నవ్వినట్టు నవ్వి గేటు వైపు చూసేది. బతిమాలితే రెండు ముద్దలు, బలవంతం చేస్తే అదీ లేదు. ఎముకలు బయటపడ్డాయి. దవాఖానలో సెలైన్ ఎక్కించి, ఇట్లాగే తినకపోతే చలికాలం దాటదని చెప్పి పంపించారు. నాకప్పుడు పెద్దపల్లిలో టీచరు ఉద్యోగం. సెలవులకు అత్త ఇంటికి పోవడమంటే ఇష్టంగా ఉండేది, ఆ ఏడు భయంగా ఉండేది. అన్నం పళ్లేనికి అటు తల్లి, ఇటు కొడుకు ఆకలితో కూర్చుని ఉండటం చూసి, నేనూ నా పళ్లెం పక్కన పెట్టేదాన్ని.

ఒక మధ్యాహ్నం అత్త మామను పార్లర్ కుర్చీలో కూర్చోమంది. బూడిద రంగు, నల్ల రంగు పగిలిన ఐషాడోల పొడి కోల్డ్ క్రీములో కలిపి పెట్టుకుని ఉంది. ఆమె ఏం చేయబోతోందో అర్థమై మామ లేచి నిలబడ్డాడు.

"ముప్పై ఏండ్లు కడుక్కున్న దాన్ని. ఇప్పుడు మల్ల పూసుకోమంటవా?"

"నీ కోసం కాదయ్యా, కూసో," అంది అత్త.

డ్రామా వేషాలు వేసిన చెయ్యి కదా, నుదురు, బుగ్గలు, గడ్డం ఏదీ వదల్లేదు. పాత బూట్లు తొడిగి, టిఫిన్ బాక్స్ చేతికిచ్చి, పెరటి దారిన చుట్టూ తిప్పి గేటు లోంచి రమ్మని పంపింది. ఐషాడోలో తళుకు ఉందని ఆయన ఎండలోకి వచ్చేదాకా మేము గమనించలేదు. మామ ముఖమంతా మిలమిల మెరుస్తూ గేటు తెరుచుకుని లోపలికి వచ్చాడు. అవ్వ ఆయన్ని కింది నుంచి పైదాకా చూసి, డ్రామాకు ఇంకా టైముంది కదా బాబూ అని అడిగింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే మామ ముఖం చూసి సిగ్గేసింది. ఆయన పెరట్లోకి పోయి, తొట్టి దగ్గర చాలాసేపు నీళ్లు పోసుకున్నాడు.

ఆ రాత్రి అత్త అన్నం తినకుండా ఆలోచిస్తూ కూర్చుంది. పొద్దున్నే లేచి ఫ్యాన్సీ షాపు తెరిచేదాకా దాని ముందు నిలబడి, కొత్త కాటుక పెన్సిల్ కొనుక్కొచ్చింది. తన పార్లర్‌కు ఆమె ఏదైనా కొత్తది కొనడం నేను చూడలేదు, అవతలి పెళ్లివాళ్లే తెచ్చుకునేవాళ్లు. మనం తప్పు చేశామని చెప్పింది. అవ్వ ఏనాడూ బొగ్గు ముఖంతో ఉన్న కొడుకుతో కూర్చుని తినలేదు, స్నానం చేసి వచ్చిన కొడుకుతోనే తిన్నది. ఆ సాయంత్రం మామ మునుపు షిఫ్టు దిగి వచ్చే వేళకు స్నానం చేయించి, తల తడిగానే ఉంచి, కుర్చీలో కూర్చోబెట్టి రెండు కళ్ల అంచులకూ సన్నటి గీత గీసి, వేలితో కొంచెం చెరిపింది. శనివారాలన్నీ తుడిచిన గీత కాబట్టి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ఆమెకు చూడకుండానే తెలుసు. ఈసారి మామ గేటులోంచి కాదు, పెరటి తలుపులోంచి తల తుడుచుకుంటూ వచ్చి పళ్లెం ముందు కూర్చున్నాడు.

అవ్వ ఆయన కళ్లలోకి చూసింది. చెయ్యి చాచి చెంప తడిమింది.

"గింత ఆలస్యమాయెనేంది బిడ్డా? తిందాం పా," అంది.

ఇద్దరూ తిన్నారు. వంకాయ కూర, చారు. అత్త పరదా వెనక్కి పోయి ఏడ్చింది, నేనూ ఏడ్చాను, తర్వాత ఇద్దరం కూర మాడిందేమో చూసుకున్నాం. అప్పటి నుంచి సాయంత్రమయ్యేసరికి పార్లర్‌కు వచ్చిన ఆడవాళ్లు లేచి మామకు కుర్చీ ఇచ్చేవాళ్లు. కనుబొమలు సగం చేయించుకున్న ఒక టీచరమ్మ మిగతా సగం కోసం అట్లాగే కూర్చుని ఉండటం నేను చూశాను. ఎవరూ పరిహాసం చేయలేదు. అవ్వ చలికాలం దాటింది, ఈస్టర్ కూడా చూసింది. ఎండలు ముదరకముందే ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది.

అవ్వను ఉంచిన పెట్టెను చర్చికి తీసుకుపోవడానికి అందరూ వాకిట్లో నిలబడ్డారు. మామ తెల్ల చొక్కాతో లోపలికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే ఆ కుర్చీలో కూర్చుని ముఖం పైకెత్తాడు. అత్త దగ్గరికి వచ్చింది.

"గీత పెట్టు," అన్నాడు మామ. "లేకుంటె గుర్తువట్టదు."

అత్త పెట్టింది. పెట్టె మూత మూసే ముందు ఆయన వంగి తల్లి ముఖంలో ముఖం పెట్టి కొంతసేపు అట్లాగే ఉన్నాడు. తలెత్తేసరికి కాటుక రెండు చెంపల మీదా కారి ఉంది, అదే ముఖంతో చర్చిలోకి నడిచాడు. తేదీలు దాటాయని మా అమ్మాయి పక్కన పెట్టిన కవరు ముందు కూర్చుంటే నాకు ఇదంతా గుర్తొచ్చింది. ఆ చలికాలమంతా మా అత్త ఇంట్లో కాలం రోజూ సాయంత్రం కాసేపు వెనక్కి నడిచి వచ్చి, ఆ తల్లీకొడుకులతో పాటు కూర్చుని అన్నం తిని, మళ్లీ తన దారిన తాను పోయేది.