మానుకోటలో ఆగిన పెళ్లి బండి

మొన్న పని మీద మానుకోట వెళ్లాను. బోర్డు మీద మహబూబాబాద్ అని ఎంత పెద్దగా రాసినా మా నోట అది మానుకోటే. పాత ప్లాట్‌ఫారం తవ్విపోసి ఉంది. అది చూడగానే తొలి తెలంగాణ ఉద్యమం నాటి మా ఆపా, అంటే మా పెద్దక్క, పెళ్లిరోజు గుర్తొచ్చింది.

మాది గార్ల, పెళ్లికొడుకుది జనగామ. మానుకోటలో కాలేజీ చదివే భాయ్, మా అన్న, పెళ్లిపూట కూడా ఇంటికి రాకపోయేసరికి, అబ్బా, మా నాన్న, నన్ను వెంటేసుకుని రైలెక్కారు. ఆ రైలునూ మానుకోటలో ఉద్యమకారులు ఆపేశారు. దిగి చూద్దుము కదా, పట్టాల మీద అందరికంటే ముందు కూర్చున్నది మా భాయే! మేం నోరు తెరిచేలోగా పక్క పట్టాల మీదికి కాజీపేట వైపు నుంచి పాసింజరు వచ్చి ఆగింది. కిటికీలోంచి సెహ్రా, అంటే పెళ్లికొడుకు ముఖం మీద వేలాడే పూలతెర, కట్టుకున్న తల ఒకటి బయటికొచ్చింది. బస్సులు బందని పెళ్లివారు చివరి నిమిషంలో రైలెక్కారట.

పెళ్లికొడుకు తండ్రి వెనక్కి పోతామని కేకలు. భాయ్ స్నేహితులే ఆ ఒక్క బండిని వదిలేద్దామన్నారు. భాయ్ కదల్లేదు.

"గా బండిల పసిపిల్ల పొద్దటి సంది పాలకు ఏడుస్తున్నది. గా పిల్ల ఆగాలె, మా బావ పోవాలెనా? ఎట్ల ఇడుస్తంరా?"

ఆయన వేలు చూపింది మేం దిగిన బండి వైపు. అప్పుడు పెళ్లికొడుకు సెహ్రా తీసి తండ్రి చేతిలో పెట్టి, తనూ వచ్చి భాయ్ పక్కన కూర్చున్నాడు. ఇలాంటి అల్లుడు ఉంటాడని నేను కలలో కూడా అనుకోలేదు.

పొద్దు వాలుతుండగా పట్టాల మీది నుంచి లేచారో లేదో, పోలీసులు భాయ్‌ని పట్టుకుపోయారు. అన్న లేకుండానే ఆపా నిఖా జరిగింది. ఇంట్లో అందరం ఆయన్ని తిట్టిపోస్తుంటే, కళ్లు వాచిన ఆపా మాత్రం ఆ పసిపిల్లకు పాలు దొరికాయా అని అడిగింది.

మేం ఆ పిల్ల ఉన్న బండిలోనే మానుకోట వెళ్లాం. అయినా పాలు దొరికాయో లేదో మాలో ఎవరికీ తెలియదు, ఎవరం చూడలేదు. రాష్ట్రం రావడం ఈ కళ్లతో చూశాను గానీ, తన పెళ్లి చెడబోయిన రోజున అలా అడగగలిగిన మనిషిని మళ్లీ చూడలేదు.