అవ్వకు లేని వెండి జుట్టు

ఇంజనీరింగ్ రెండో ఏడాది చదివే ఆ రోజుల్లో, ప్రపంచంలో దేనికైనా ఒక ఫ్లోచార్టు గీసేయొచ్చని గట్టిగా నమ్మేవాణ్ణి. ఆ ధైర్యంతోనే చింతాద్రిపేటలో ఒక తెలుగు సంఘం వాళ్ళ మేడ మీద, ఆదివారాలు పిల్లలకు కథలు రాయడం నేర్పుతానని ఒప్పుకున్నాను. (అప్పటికి నేనొక్క కథా రాయలేదు. ల్యాబ్ రికార్డులు మాత్రం ముచ్చటగా రాసేవాణ్ణి.) నాకు పంతొమ్మిదేళ్ళు, అయినా పిల్లలు 'అన్నా' అంటే ఊరుకునేవాణ్ణి కాదు, 'సార్' అనాల్సిందే. మొదటి రోజే బోర్డు మీద నియమాలు రాసేశాను. ఒకటి, చూసింది చూసినట్టు రాయాలి. రెండు, అరిగిపోయిన మాటలు వాడకూడదు. మూడు, పై రెండూ మరవకూడదు.

వాళ్ళలో రిబ్బను పాపకు (ఎప్పుడూ ఒక జడకు రిబ్బను ఊడిపోయి ఉండేది) నిజంగానే రాయడమంటే ప్రాణం. వాళ్ళమ్మ మాత్రం సరిగ్గా అదే వేళకు లెక్కల ట్యూషన్ చూసిపెట్టింది. "ఈ కతలతో ఏమొస్తాది సార్? పిల్లోళ్ళు కతలు చదివి వినిపించే రోజు నేనూ వచ్చి వింటా. బాగుంటే సెరి, లేకుంటే ఆ మరుసటి వారమే మాన్పించేస్తా" అని తేల్చి చెప్పింది. పాప 'మా అవ్వ' అని ఒక పేజీ రాసి తెచ్చింది. అందులో అవ్వ జుట్టుకు రంగేసుకుంటుంది, బస్సులో పోట్లాడుతుంది. అత్తగారి గురించి ఇలా రాస్తే వాళ్ళమ్మ ఊరుకుంటుందా? పాపను కాపాడాలన్న సదుద్దేశంతో నేనే దాన్ని దిద్దాను. దిద్దాక పాప రాసినదాంట్లో శీర్షిక ఒక్కటే మిగిలింది.

కథలు చదివే రోజు అమ్మా, అవ్వా ముందు వరసలోనే కూర్చున్నారు. "వెండి తీగల్లాంటి జుట్టు, వణికే చేతుల్లో వాత్సల్యం..." అని పాప చదువుతుంటే అవ్వ వెనక్కి తిరిగి అందరినీ పరికించి చూసింది. "ఎవురు పాపా ఆ ముసిలామె? ఒంట్లో బాగలేదా?" అంది గట్టిగా. హాలంతా గొల్లుమంది. ఆమె జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది. ప్రతి ఆదివారం పాపను దింపడానికి మెట్లెక్కి వచ్చి, నా చేతిలో మురుకుల పొట్లం పెట్టిన మనిషి. ఆ చేతులు ఏనాడూ వణకలేదు. నేను చూసిందల్లా పొట్లాన్నే.

పాప కాగితం మడిచేసింది. "ఇది సార్ వాళ్ళ అవ్వ. మా అవ్వ గురించి నేను కాగితం చూడకుండా చెప్తా" అంది. "మా అవ్వ బస్సెక్కంగానే సీట్లో సంచి ఇసిరేస్తాది. ఎవురన్నా ఆడ కూర్చోబోతే, 'సంచిలో గుడ్లుండాయి, చూస్కో' అంటాది. గుడ్లుండవు, నా చెప్పులుంటాయి. సీటు దొరికినాక నన్ను కూర్చోబెట్టి, తాను దిగేదాకా నిలబడే వస్తాది."

వాళ్ళమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "అచ్చం మా అత్తే! ట్యూషన్ శనివారానికి మార్చుకుంటాం సార్. మీరు మాత్రం ఇంక దిద్దొద్దు" అంది. వెనక బోర్డు మీద నా నియమాలు గుండ్రటి అక్షరాలతో అలాగే ఉన్నాయి. ఆ బోర్డుకు అడ్డంగా నిలబడ్డాను.

పై ఆదివారం అవ్వ మామూలుగానే మురుకులు తెచ్చింది. తప్పయిపోయిందన్నాను. "దానికేముంది నాయనా, ఈ తూరి నన్ను చూసి రాయి" అని స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. కళ్ళద్దాలు సర్దుకున్నాను, ఒక్క వాక్యం రాలేదు. "అన్నా, ముందు కండ్లద్దాలు తుడుచుకో" అంది పాప. 'సార్' అనమని అడగలేకపోయాను.

ఇప్పుడు అంబత్తూరులో యంత్ర భాగాలు తనిఖీ చేసే ఉద్యోగం. కొలతల్లో పొరపాటు రానివ్వను. మనుషుల గురించి రాయాల్సి వస్తే మాత్రం కళ్ళద్దాలు తీసి ఓసారి తుడుచుకుంటాను. ఆ పంతొమ్మిదేళ్ళ 'సార్' గుర్తొచ్చి నవ్వొస్తుంది. చెవులు మాత్రం ఇప్పటికీ సిగ్గుతో వేడెక్కుతాయి.