నాది కాని కడుపునొప్పి

అశోక్ నగర్‌లో మా ఫ్లాటు కింది కిరాణా దుకాణంలో వాము డబ్బా మూత తీసినప్పుడల్లా నేను రెండడుగులు వెనక్కి జరుగుతాను. ఆ ఘాటు నన్ను చిక్కడపల్లిలోని మా పాత ఇంటి డాబా మీదికి, రెండు వేల పన్నెండు ఎండాకాలంలోకి తీసుకుపోతుంది. నిమ్మరసంలో, నల్ల ఉప్పులో మూడు రోజులు నానిన వామును నాయనమ్మ పాత చీర మీద పలుచగా పరిచి, గొడుగు వేసుకుని కాపలా కూర్చునేది. ఎండకు అది నల్లబడుతుంటే డాబా అంతా పులుపూ కారమూ కలిసిన వాసన వేసేది. ఎండిన వాము జాడీలోకి, జాడీ ఆమె మంచం కిందికి చేరేది. వాము కావలసినవాళ్లు ఏం తిన్నారో ముందు ఒప్పుకోవాలి. ఇక ఆ పూటకు వాళ్లకు మజ్జిగన్నమే.

తాత అందుకు ఒప్పుకునే మనిషి కాదు. సాయంత్రాలు నన్ను వెంటబెట్టుకుని నారాయణగూడ దాకా నడిచి, డాక్టరు వద్దన్న మిర్చి బజ్జీలు తిని, నాకూ రెండు పెట్టేవాడు. ఛాతీలో మంటను మా ఇంట్లో అందరూ అరగకపోవడమనే అనేవాళ్లు. అది మొదలవగానే తాత మెట్ల దగ్గర ఆగేవాడు.

"నీకే నొస్తున్నదని చెప్పు బిడ్డా. నా పేరు తియ్యకు."

నేను కడుపు పట్టుకుని మూలిగేవాణ్ని. "గీ పోరనిది కడుపా, కాగితమా" అని తిడుతూ నాయనమ్మ పెట్టిన వాములో సగం తాతకు చేరేది.

ఒక ఆదివారం మెట్ల దగ్గర తాత ఎప్పుడూ చెప్పే ఆ మాటే నవ్వకుండా చెప్పాడు. చొక్కా వీపంతా తడిసి ఉంది. నేను లోపలికి వెళ్లి ఎప్పటిలాగే మూలిగాను. నాయనమ్మ ఆ రోజు వాముతో ఆగలేదు; నన్ను పడుకోబెట్టి, ఇంగువ అరగదీసి బొడ్డు చుట్టూ రాసి, వెచ్చని అరచేత్తో నిమురుతూ కూర్చుంది. ముందు గదిలో తాత కుర్చీ కిర్రుమంది. తాతకే నొప్పి అన్న మాట నోటిదాకా వచ్చింది. చెబితే బజ్జీలు ఆగిపోతాయనుకున్నాను. ఆ చెయ్యి తీసేస్తుందనీ అనుకున్నాను.

"ఇప్పుడు తగ్గిందా?" అని అడిగింది.

తగ్గలేదన్నాను.

ఆమె లేచి ముందు గదిలోకి వెళ్లేసరికి తాత తల కుర్చీలో పక్కకు వాలిపోయి ఉంది.

ఆ నొప్పి తాతదని నేను ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ప్రతి ఎండాకాలం నాయనమ్మ నా ఒక్కడి కోసమే వాము ఎండబెట్టేది. చిన్నప్పటి నుంచి వీనికి కడుపు మంచిగుండదని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నేను పక్కనే తల వంచుకుని నిలబడేవాణ్ని.

ఇప్పుడు ఆ డాబా లేదు, అక్కడ నాలుగంతస్తులు లేచాయి. నాయనమ్మా లేదు. ఆమె ఎండబెట్టిన ఆఖరి వాము సీసా నా అలమారలో ఉంది. దాని మూతకు అంటించిన కాగితం మీద, వణికే అక్షరాలతో, నా పేరే రాసి ఉంది.