కొంగు పట్టి తెచ్చిన బొంత

మా యారాలు పోయింది. పోయిన బుధవారం పొద్దున్నే ఆమె మనవడు సూర్యాపేట నుంచి మిర్యాలగూడలో నేనుంటున్న ఇంటికి వచ్చి, లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడి, "చిన్న నాయనమ్మా, ఇగ లేదు" అన్నాడు. ఎవరని నేను అడగలేదు. వాడి ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

యారాలు అంటే తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను, తోటికోడలు. మా ఆయనకు వదిన. తోటికోడళ్ల మీద మన జనం చెప్పుకునే మాటలన్నీ నేనూ విన్నాను. ఒక్కటీ మంచిది లేదు. ఆ మాటలు పుట్టించిన మహానుభావులెవరూ మా యారాలు ఉన్న ఇంట్లో ఒక్క పూట అన్నం తిని ఉండరు. నిండు వయసులో, పిల్లల మధ్య పోయింది, అలాంటి చావుకు ఏడవకూడదంటారు. నేను ఏడ్చాను. ఆమె చేతులు కదలకుండా ఉండటం నేను చూడటం అదే మొదలు.

నేను కోదాడ పిల్లను. పెళ్లయి సూర్యాపేట వచ్చేసరికి ఆ ఇల్లు జాతరలా ఉంది. అత్తమ్మకు మోకాళ్లు పట్టేసి మంచం దిగేది కాదు, కానీ ఆ మంచం మీది నుంచే ఇల్లంతా ఏలేది. అన్నదమ్ములిద్దరు, జీతగాళ్లు, బర్రెలు, యారాలి నలుగురు పిల్లలు. కొత్త కోడలి మర్యాద కొద్దీ నేను, "అక్కా, నన్నేం చెయ్యమంటారండీ?" అని అడిగితే ఆమె పడీ పడీ నవ్వింది.

"అండీ గిండీ అన్ని కోదాడల్నే పెట్టిరా సెల్లె. గీడ అక్కా అంటె సాలు. జర గీ సూదిల దారం ఎక్కియ్యి."

ఆ ఇంట్లో నేను చేసిన మొదటి పని అదే.

సూది ఎప్పుడూ ఆమె రవిక చేతికే గుచ్చి ఉండేది, దారంతో సహా. పాలు పొయ్యి మీద పెడితే పొంగేలోపు నాలుగు కుట్లు పడేవి. అత్తమ్మకు తలంటి, ఆ జుట్టు ఎండకు ఆరేలోపు ఒక వరుస. చంటిదాని తొట్టెను కాలితో ఊపుతూ చేతులతో ఉట్టి అల్లేది. ఒక పిల్లవాడు వీపెక్కి ఊగుతుంటే, ఇంకొకడు అన్నం అన్నం అని కొంగు పీకుతుంటే, గుడ్డతో చిలక కుట్టి దాని ముక్కుకు ఎర్రదారం చుట్టేది. నేనైతే అందులో ఏ ఒక్కటి చేసినా మిగతావి మాడబెట్టేదాన్ని. "నీకు తీరిక ఎక్కడ దొరుకుతుందక్కా?" అని ఒకసారి అడిగాను. "తీరిక దొర్కుతదా పిచ్చిదానా? దాన్ని గుంజుకోవాలె" అంది.

ఆమెకు గుడ్డ కావాలంటే మా బావగారి పంచెలకు గండం. పొద్దున ఆరేసిన పంచె సాయంత్రానికి ఏదో ఒక బొంత లోపలి పొరగా మారి ఉండేది. "కట్టుకున్న పంచెనన్న ఉండనిస్తవా లేదా?" అని ఆయన అరిస్తే, ఆమె తల కూడా ఎత్తకుండా, "గది ఇంక మెత్తగ కాలె. అయినంక నేనే అడుగుత తియ్" అనేది. జీతగాళ్లు నవ్వు ఆపుకోలేక గొడ్లకొట్టంలోకి పోయేవాళ్లు.

ఇన్ని చేసి ఒక్కటీ ఇంట్లో ఉంచుకునేది కాదు. ఇంటికి వచ్చిన మనిషి ఉత్త చేతులతో గడప దాటకూడదు, అంతే. నీళ్లు మోసే ఆమెకు నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు, పొలం నుంచి వచ్చిన ముసలాయనకు అంచు కుట్టిన విసనకర్ర, ఎవరింట్లో పురుడు వచ్చినా తాటాకు గిలకలు. బజారులో ఏదైనా కొని ఇవ్వొచ్చు కదా అంటే ఒప్పుకునేది కాదు. "కొన్నది ఇస్తె పైసలు కనవడ్తయ్. చేసింది ఇస్తె చేతులు కనవడ్తయ్" అనేది.

రజాకార్ల రోజులొచ్చాయి. ఊళ్లో కేకలు వినబడగానే పట్టపగలే తలుపులు వేసుకుని కూర్చునేవాళ్లం. మగవాళ్లు ఎక్కడున్నారో తెలిసేది కాదు. నేను తలుపు గడియ మీంచి కళ్లు తీసేదాన్ని కాదు. ఆమె మాత్రం పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని చింపిరి గుడ్డలతో ఏనుగును చేసేది, గుర్రాన్ని చేసేది. "సప్పుడు చెయ్యకుండ్రి అంటె పిల్లలు ఇంటరా? చేతుల బొమ్మ పెడితె వాళ్లే సప్పుడు చెయ్యరు" అని నా చెవిలో చెప్పింది. ఆమెకు భయం లేదని చాలాకాలం అనుకున్నాను. ఆ ఏనుగు కుట్లు తర్వాత చూశాను, ఒక్కటీ తిన్నగా లేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నా మొదటి రెండు కాన్పులూ కోదాడలో మా అమ్మ దగ్గరే అయ్యాయి. ఇద్దరూ దక్కలేదు. ఒక బిడ్డ పురిట్లోనే పోయింది, ఇంకొక బిడ్డ నన్ను చూసి నవ్వడం నేర్చుకున్నాక పోయింది. ఇంతకంటే రాయలేను. తిరిగి సూర్యాపేట వచ్చినప్పుడు అందరూ ఓదార్చారు, యారాలు ఒక్కతే ఓదార్చలేదు. నా ఒళ్లో చిక్కుపడ్డ దారం ముద్ద పెట్టి, "మెల్లగ ఇడదియ్యి. తెంపకు" అంది. ఎన్ని రోజులు విడదీశానో నాకే తెలియదు. ఆ దారమే లేకపోతే నేనేమయ్యేదాన్నో అని ఇప్పటికీ అనుకుంటాను.

పోలీసు చర్య జరిగి ఊరు కాస్త నెమ్మదించాక మళ్లీ నెల తప్పింది. ఈసారి కోదాడకు పంపేది లేదని యారాలు తేల్చి చెప్పింది. అత్తమ్మ మంచం మీది నుంచి ఇంకో మాట చెప్పింది.

"పిల్లలు నిలువకపోతె కొంగు పట్టాలె. ఒక్క బిడ్డ గూడ పోని ఇండ్లు తిరిగి పాత గుడ్డలు అడుక్కరావాలె. గా గుడ్డలతోని బొంత కుట్టి, నడుమ తల్లి సీర ముక్క ఏసి, పుట్టిన బిడ్డను దాని మీద పండవెట్టాలె. అప్పుడు నిలుస్తది."

అడుక్కొచ్చిన గుడ్డ మీద పడుకున్న బిడ్డ ఒక్క ఇంటి బిడ్డ కాదు, పదిళ్ల బిడ్డ. అంతమంది పట్టుకుంటే జారిపోదని నమ్మకం. బావగారికి మాత్రం తల కొట్టేసినట్టయింది. "పది మందికి పెట్టే ఇల్లు మనది. మన ఇంటి ఆడిది కొంగు పట్టి వాడవాడ తిరుగుడా?" అన్నారు.

"పెట్టే చెయ్యి ఒక్కపారి చాపితె అరుగుతదా? నీ తమ్ముని బిడ్డ పెద్దదా, నీ మీసం పెద్దదా?" అంది యారాలు.

ఆయన కండువా దులుపుకుని బయటికి పోయారు.

చెప్పినంత తేలిక కాదు అది. ఒక్క బిడ్డా పోని ఇల్లంటే ఆ రోజుల్లో గగనం. తొట్టెలో పోయినవాళ్లో, అమ్మవారు పోసి పోయినవాళ్లో లేని ఇల్లేది? ఆమె ఇంటి పనంతా చేసుకుని, వంట దించి, పిల్లల్లో చిన్నదాన్ని చంకనేసుకుని బయలుదేరేది. సూర్యాపేటలో వాడలన్నీ తిరిగింది. ఆత్మకూరు దాకా బండి కట్టించుకుని పోయింది. కోమటింట్లో అడిగింది, మాదిగవాడలో అడిగింది, చర్చి పక్కన పంతులమ్మను అడిగింది. వచ్చి ఆ ముక్కలన్నీ నా ముందు పరిచి, ఏది ఎవరిచ్చారో, ఇచ్చేటప్పుడు ఏమన్నారో కథలు కథలుగా చెప్పేది. ఆ వాడ గుడ్డ, ఈ వాడ గుడ్డ ఒక్క చోట కలిపి కుడతావా అని అత్తమ్మ సణిగితే, "ఉడుకునీళ్లల్ల ఏస్తె కులాలన్ని పోతయ్ అత్తా, గుడ్డ ఒక్కటే ఉంటది" అంది. నాకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు అది.

గాజులామె ఇంటికి కూడా పోయింది. గాజులామె అంటే మా వాడకల్లా గాజులు తొడిగే తురకామె. ఇంటినిండా పిల్లలు, ఒక్కరూ పోలేదని ఊరంతా చెప్పుకునేది. పోలీసు చర్య అప్పుడు భయానికి కుటుంబమంతా మిర్యాలగూడలో చుట్టాల దగ్గరికి పోయి, కొంతకాలానికి తిరిగి వచ్చారు. అందరూ చీర ముక్కలిస్తే ఆమె చిన్న పిల్లవాడి అంగి ఒకటి ఇచ్చింది. ఆకుపచ్చది, తెల్ల గుండీలు. మిగతా గుడ్డలన్నీ కత్తిరించి అతికిన యారాలు దాన్ని కోయలేదు. నిండు అంగిగానే పరిచి కుట్టింది.

బొంత దాదాపు పూర్తయ్యే వేళకు, నాకు నెలలు నిండుతుండగా, మిర్యాలగూడ నుంచి యారాలి తల్లి చూడటానికి వచ్చింది. బొంతను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ఆ అంగి దగ్గర ఆగిపోయింది.

"ఇది గాజులామె చిన్న పిల్లగానిది కాదె? మా ఇంటెనకనే ఉండిరి వాళ్లు. పాపం, జరమొచ్చి గాడనే పోయిండు గద. గీ అంగి తొడుక్కొనే ఆడేటోడు."

 నేను గోడ పట్టుకున్నాను. అత్తమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "ఇప్పు! గా అంగి ముందుగాల ఇప్పు! సచ్చిన పిల్లగాని గుడ్డ తెచ్చి నా ఇంట్ల ఏస్తవా?" అని కేకలు. నిజం చెప్పాలంటే నాకూ అది పీకి అవతల పారేయాలనే ఉంది. కడుపులో బిడ్డ కదులుతోంది, నాకు ఇంకేమీ అక్కరలేదు.

యారాలు లోపలికి పోయి కత్తెర తెచ్చింది. బొంత తీసుకుపోయి అత్తమ్మ మంచం మీద పరిచింది.

"ఇప్పుత అత్తా. బిడ్డ పోయిన తల్లి గుడ్డ పనికిరాదంటె ఇప్పుత. కాని ముందుగాల నడుమ ముక్క ఇప్పాలె. గది సెల్లె సీర. ఆమెకు ఇద్దరు పోయిండ్రు. ఆమె సీరే పనికిరాకపోతె, రేపు ఆమె ఒడి పనికొస్తదా? సెప్పు, ఏడ పెట్టాలె కత్తెర?"

అత్తమ్మ నా వంక చూసింది. ఆమె పుట్టింటి తరఫున, అత్తింటి తరఫున ఎన్ని తొట్టెలు ఖాళీ అయ్యాయో నాకు తెలియదు, ఆమెకు తెలుసు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి, "కత్తెర తీస్కపో" అంది.

తర్వాత ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. "నీకు ముందే తెలుసా అక్కా?"

"ఇచ్చేటప్పుడు ముక్కుకాడ పెట్టుకొని వాసన సూసి ఇచ్చింది సెల్లె. బతికున్న పిల్లగాని అంగిని ఎవరన్న గట్ల సూస్తరా?"

"మరి ఎందుకు తెచ్చావు?"

"కొంగు పట్టినంక, గిది వద్దు ఇంకోటి తే అంటమా? ఇంట్ల ఉన్న వాటిల్ల పానం లెక్క దాసుకున్నది ఇచ్చింది ఆమె. నీ బిడ్డ బతుకాలె అని ఊరందరు అనుకుంటుండ్రు. ఆమె అనుకున్నట్టు ఎవలు అనుకుంటరు?"

అప్పుడు ఆమె ముఖంలోకి చూసే ధైర్యం నాకు లేకపోయింది. బర్రె అరిచింది, ఆమె లేచిపోయింది. పాలు పిండి వచ్చి మిగిలిన అంచు కుట్టింది. ఆ బొంతను తర్వాత ఎన్నోసార్లు చేత్తో తడిమి చూశాను. ఒకచోట కుట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, ఒకచోట పిల్లవాడెవడో మోచేయి లాగినట్టు పక్కకు పోతాయి, ఒకచోట సున్నిపిండి మరక. ఆమె రోజులన్నీ అందులో ఉన్నాయి. చదువుకున్నవాళ్లు ఎన్నెన్నో గొప్పవి చూసి ఆశ్చర్యపోతారట. నేను మాత్రం ఒక్క బొంతను చూసి అంత ఆశ్చర్యపోయాను, ఇప్పటికీ పోతున్నాను.

నాకు కొడుకు పుట్టాడు. నిలిచాడు. అడుక్కుని తెచ్చుకున్న బిడ్డ కాబట్టి భిక్షపతి అని పేరు పెట్టాం. మిర్యాలగూడలో నేనిప్పుడు ఉండేది వాడి దగ్గరే. మొన్న వాళ్ల పెద్దమ్మ పాడెకు భుజం పట్టినవాళ్లలో వాడూ ఉన్నాడు. ఆ బొంత వాడి తర్వాత ఇంకా ఎందరు పిల్లలకో పనికొచ్చి, చివరికి పీలికలై పోయింది. దాచలేదా అని అడుగుతారు. దాచనిస్తే కదా ఆమె! వాడని గుడ్డ చచ్చిన గుడ్డ అనేది.

వాణ్ని తొట్టెల వేసిన రోజు సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. గుడ్డలిచ్చిన వాళ్లందరూ వచ్చి, బొంత మీద ఎవరి ముక్క వాళ్లు వెతుక్కుని మురిసిపోతున్నారు. గాజులామె మాత్రం తాడుకు గుచ్చిన గాజుల మలారం భుజాన వేసుకుని వాకిలి అవతలే నిలబడింది. ఇంట్లో జరిగిన గొడవ ఆమె చెవిన పడినట్టుంది. యారాలు ఎవరినీ ఏమీ అడగలేదు. బిడ్డను బొంతతో సహా ఎత్తుకుని బయటికి పోయి, ఆ మట్టిలోనే కూర్చుని, గాజులామెను పక్కన కూర్చోబెట్టి ఆమె ఒళ్లో బిడ్డను పెట్టింది. ఆ అంగిని చుట్టూ కుట్టేసినా మెడా, చేతుల చివర్లూ మాత్రం కుట్టకుండా వదిలిపెట్టింది. మరిచిపోయిందని నేననుకున్నాను. గాజులామె ఏడవలేదు. ఆ ఆకుపచ్చ అంగిని కాసేపు నిమిరింది. తర్వాత మెడ దగ్గరి నుంచి మెల్లగా చెయ్యి దూర్చి, ఆ చిన్న అంగి చేతిలోంచి వేలు బయటికి తెచ్చింది. నా కొడుకు ఆ వేలిని పట్టుకున్నాడు. ఊరందరి చేతులూ పట్టి గాజులు తొడిగే ఆ మనిషి, వాడు వదిలేదాకా కదలకుండా అక్కడే కూర్చుంది. వాడు చాలాసేపు వదల్లేదు.